జింకకు మేత, దొరకు వేట

కిందటి సంవత్సరం కార్తికమాసంలో, అమెరికాలోని టెక్సస్ రాష్ట్రంలో ఉద్యోగం చేసుకుంటున్న మా అన్నయ్య కొడుకు నాకొక ఫోటో పంపాడు. ఎండిన గడ్డినేల. నడుమ మూడు ఇనుపకాళ్ళ మీద నిలబెట్టిన పీపా. పీపా చుట్టూ తలలు వంచి గింజలేరుకు తింటున్న నాలుగైదు జింకలు. "బాబాయ్, ఇక్కడివాళ్ళకు జీవకారుణ్యం ఎక్కువ. అడవి జింకలకు కూడా వేళ తప్పకుండా మొక్కజొన్నలు వేస్తారు" అని కింద వ్రాశాడు.

ఆ మాట చదివి నేను నవ్వలేదు. అతడు పుట్టి పెరిగిన ఊళ్ళో గింజలు చల్లడమంటే పిచ్చుకలకూ పావురాలకూ చల్లడమే. గింజలు వేసినవాడే తుపాకి పట్టుకుని కూర్చుంటాడని అతడికి ఎలా తోస్తుంది? ఆ ఫోటోలోకి రానిదొకటి ఉంది. పీపాకు సుమారు నూరు గజాల దూరంలో నిలబెట్టిన మంచె. మన రైతు మంచె వేసేది జింకనూ పందినీ పిట్టనూ గింజ దగ్గరనుంచి తోలడానికి. అక్కడివాడు మంచె వేసేది గింజ దగ్గరికి వచ్చిన జింకను కాల్చడానికి. ఒకే కట్టడం, తలక్రిందులైన ప్రయోజనం. ఈ తలక్రిందులు ఎలా జరిగిందన్నది చరిత్ర విద్యార్థి అడగవలసిన ప్రశ్న.

ముందు ఆ పీపా సంగతి చెప్పాలి. దాన్ని ఫీడరంటారు. నిండా మొక్కజొన్న పోస్తారు. అడుగున చిన్న మోటారు, మోటారుకు తిరిగే పళ్ళెం, పక్కన బాటరీ, కాలం చూసుకునే యంత్రం. తెల్లవారేటప్పుడు కొన్ని సెకన్లు, ప్రొద్దుగూకే ముందు కొన్ని సెకన్లు పళ్ళెం తిరుగుతుంది. గింజలు చుట్టూ చెదిరిపడతాయి. కొన్ని వారాలు గడిచేసరికి జింకలకు ఆ మోటారు చప్పుడే పిలుపైపోతుంది. వేసవిలో మగజింకకు కొమ్ములు పెరిగే రోజుల్లో మాంసకృత్తులు దట్టించిన దాణా పెడతారు. దక్షిణ టెక్సస్‌లో కొందరు, మనం పాడిగేదెలకు పెట్టినట్టే, పత్తిగింజలు పెడతారు. ఎండలు తగ్గేసరికి మొక్కజొన్న. నవంబరు మొదటి శనివారం తుపాకి వేట ఆరంభమై జనవరి దాకా సాగుతుంది. అన్నాళ్ళూ పీపా నిండుతూనే ఉంటుంది. అంటే, వేట నవంబరులో మొదలైందనుకోవడం పొరపాటు. అది వేసవి నాడే, దాణా బస్తా విప్పిన క్షణానే మొదలైంది.

ఈ సూక్ష్మం మన దేశపు చట్టం పట్టుకుంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో వేట అన్న మాటకిచ్చిన నిర్వచనంలో ఎర వేయడం కూడా చేరి ఉంది. తుపాకి ఎత్తకపోయినా సరే, ఎర వేస్తే వేటే. అమెరికావారికి ఈ సూక్ష్మం తెలియక కాదు. వలసబాతులకు గింజలు చల్లి కాల్చడాన్ని అక్కడి కేంద్రప్రభుత్వం 1935లోనే నిషేధించింది. నేటికీ గింజలు చల్లిన పొలంలో గువ్వలను కాల్చిన టెక్సస్‌వాడు నేరస్తుడు. అదే మొక్కజొన్న, అదే పొలం, అదే తుపాకి. జింకను కాలిస్తే నేరం లేదు. గువ్వకూ జింకకూ తేడా ఎక్కడ వచ్చింది? గువ్వ ఒక భూస్వామి కంచెలో నిలవదు, ఎగిరిపోతుంది. జింక నిలుస్తుంది, గింజ వేస్తే మరీ నిలుస్తుంది. నేను చెప్పదలచుకున్నది ఇక్కడే ఉంది. అడవి జంతువు ఎవరిదీ కాదు, లేదా అందరిదీ. దాన్ని ఒకడిది చేయడానికి మేత ఒక సాధనం. ఆ మేత ఖర్చు ఎవరి నెత్తిన పడింది అన్న లెక్క తీస్తే, వేట చరిత్రలో చాలా భాగం బయటపడుతుంది.

ఈ లెక్కను మొదట కాగితం మీద పెట్టినవారు చరిత్రకారులు కారు, జర్మనీ రైతులు. కనుక అయిదు వందల ఏళ్ళు వెనక్కి, జర్మనీకి పోవాలి. 1525లో అక్కడ రైతాంగం తిరగబడింది. ఎంగెల్స్ 1850లో ఆ తిరుగుబాటును గూర్చి గ్రంథమే వ్రాశాడు కాబట్టి మన పాఠకులకు పరిచయమే. ఆ రైతులు మెమ్మింగెన్ పట్టణంలో పన్నెండు కోరికలు వ్రాసుకున్నారు. భూదాస్యం, పన్నులు, వెట్టి అన్నీ అందులో ఉన్నాయి. నాల్గవ కోరికను మాత్రం మనవాళ్ళు తొందరగా దాటిపోతారు. అది వేటను గూర్చినది. పేదవాడికి అడవిమృగాన్నీ పిట్టనూ చేపనూ పట్టుకునే హక్కు లేకుండా చేశారనీ, పైగా దొరలు పెంచే మృగాలు వచ్చి తమ పంటను మేసిపోతూ ఉంటే తాము నోరు మూసుకు చూడవలసి వస్తున్నదనీ ఆ కోరిక సారాంశం.

ఇందులో రెండు ఫిర్యాదులున్నాయి. మొదటిది మాంసం సంగతి. దాన్ని అందరూ చూస్తారు. రెండవది మేత సంగతి. అసలు గుట్టు అందులో ఉంది. ఆనాడు వేట హక్కు దొరది. దొర భూమి మీదనే కాదు, రైతు సాగుచేసే భూమి మీద కూడా. జింక రాత్రి వచ్చి గోధుమ మేస్తే రైతు దాన్ని అదిలించవచ్చు, చంపరాదు. పగలు దొర వేటకు వస్తే, ఆ గోధుమ తిని బలిసిన జింకనే రైతు డప్పులు కొట్టి దొర ముందుకు తోలాలి. వేట కుక్కలకు తిండి పెట్టాలి, వలలు మోయాలి. ఇదంతా కూలి లేని పని. వెట్టి అంటే ఏమిటో తెలంగాణా పాఠకులకు నేను వివరించనక్కరలేదు. ఆ కాలంలో దొరకు ఇనుప పీపా ఎందుకు? దేశమంతటి చేలూ అతడి పీపాలే. నింపేవాడు రైతు.

ఇంగ్లండులో కథ మరొక దారిన నడిచింది. 1217 నాటి అటవీ శాసనం రాజు జింకను చంపినవాడి ప్రాణమూ అవయవమూ తీయరాదన్నది. అయిదు వందల ఏళ్ళు గడిచాక, 1723లో, పార్లమెంటు చేసిన నల్ల చట్టం ముఖానికి మసి పూసుకుని జింకలను వేటాడినవాడికి మళ్ళీ ఉరి తెచ్చింది. నాగరికత ముందుకే పోతుందనేవారు ఈ రెండు తేదీలనూ పక్కపక్కన పెట్టుకు చూడాలి. ఇ. పి. థాంప్సన్ 1975లో ఈ చట్టం మీద వ్రాసిన పుస్తకం మన కాలేజీ గ్రంథాలయాల్లో ఉండదగినది. స్కాట్లండులో మనుషులను ఖాళీ చేయించి గొర్రెలను, తరువాత గొర్రెలను తీసి జింకలను నింపిన వైనం మార్క్స్ 'పెట్టుబడి' మొదటి సంపుటంలోనే ఉంది కనుక ఇక్కడ తిరగవ్రాయను. ఇంగ్లీషు ప్రభువుల తోటల్లో ఒక కట్టడం మాత్రం చెప్పాలి. కంచెలో ఒకచోట, బయటివైపు మట్టి ఎత్తుగా, లోపలివైపు లోతుగా గొయ్యి ఉండేది. బయటి జింక లోపలికి దూకగలదు. లోపలిది బయటికి దూకలేదు. రాజు అడవిలోని జింక ప్రభువు తోటలోకి ఇలా మారేది. ఈ గొయ్యికి టెక్సస్‌లో ఈనాటి వారసుడున్నాడని తరువాత చూస్తాం.

జర్మనీకి తిరిగి వస్తాను. 1848 విప్లవంలో పల్లె జనం చేసిన మొదటి పనుల్లో ఒకటి అడవిమీద పడి జింకలను కొట్టడం. చదువుకున్న ఉదారవాదులు దీన్ని అల్లరి అన్నారు. నా ఉద్దేశంలో అది మూడు వందల ఏళ్ళ మేత బాకీ వసూలు. ఆ ఒత్తిడికి ప్రష్యాలో 1848 అక్టోబరు 31న చట్టం వచ్చింది: పరాయివాడి భూమిమీద వేటాడే దొర హక్కు నష్టపరిహారం లేకుండా రద్దు, ఎవరి భూమిలో వేట వారిది. పదహారు నెలలు గడిచాయి. విప్లవం ఓడిపోయింది. 1850 మార్చి 7న మరొక చట్టం. హక్కు మీకే ఉంది, కాని ఒక్క చెక్కగా మూడు వందల మోర్గెన్లు, అంటే మన లెక్కన దాదాపు నూట తొంభై ఎకరాలు, ఉన్నవాడే దాన్ని సొంతంగా వాడుకోవచ్చు. తక్కిన చిన్నరైతుల భూములన్నీ కలిపి వేట కౌలుకు ఇవ్వాలి. కౌలు పాడుకునేవాడు ఎవడు? డబ్బున్నవాడు. హక్కు కాగితం మీద రైతు దగ్గరే ఉండిపోయింది, జింక మాత్రం వెళ్ళిపోయింది. హక్కును నేరుగా లాక్కోకుండా, దాన్ని వాడుకునే అర్హతను మాత్రం లాక్కోవడం పెట్టుబడిదారీ న్యాయశాస్త్రపు సుళువు. మన దేశంలో కౌలుదారీ చట్టాలు చదివినవారికి ఈ సుళువు కొత్త కాదు.

అయితే రైతుకు దక్కినది ఒకటుంది. చేనులో మృగాలు చేసిన నష్టానికి పరిహారం. 1900లో అమలులోకి వచ్చిన జర్మన్ సివిల్ స్మృతిలోనే దానికి చోటు దొరికింది. ఈ పరిహారమే అడవిలో మేతతొట్టికి బలమైన కారణమయిందని నేను అనుకుంటున్నాను. చేను మేత ఉచితంగా దొరికినంత కాలం తొట్టి అనవసరం. చేనుకు ధర కట్టవలసి వచ్చాక, జింకను అడవిలోనే ఆపి పెట్టాలి, అందుకు ఎండుగడ్డి, దుంపలు, గింజలు కొని పోయాలి. దీనికి మృగసంరక్షణ అని గౌరవమైన పేరు వచ్చింది. చలికి జింక చనిపోకుండా కాపాడటం నిజమే. కాపాడిన జింకకు కొమ్ములు పెద్దవి కావడం, కొమ్ములు గోడకు ఎక్కడం కూడా నిజమే. నేటి జర్మన్ వేట చట్టం ఆకలి కాలంలో మేత పెట్టిన చోటికి 200 మీటర్ల లోపల గిట్టల మృగాలను కాల్చరాదంటుంది. టెక్సస్ మంచె దూరంతో పోల్చి చూస్తే ఇది మేలే. కాని ఇది కూడా మేతకూ తూటాకూ మధ్య దూరం కొలిచే చట్టమే తప్ప, మేత ఎవరి కోసమని అడిగే చట్టం కాదు.

బెర్లినుకు ఈశాన్యంగా షోర్ఫ్‌హైడె అనే అడవి ఉంది. ప్రష్యా రాజులు, కైజర్ రెండవ విల్‌హెల్మ్ అక్కడ వేటాడారు. 1934 జులైలో నాజీలు దేశమంతటికీ ఒకే వేట చట్టం చేశారు. గోరింగ్ సామ్రాజ్యపు వేటాధిపతి అన్న బిరుదు తగిలించుకుని, ఆ అడవిలోనే కారిన్‌హాల్ అనే మహలు కట్టుకున్నాడు. 1945 ఏప్రిల్‌లో ఎర్రసైన్యం దగ్గరికి వస్తూంటే దాన్ని పేల్చివేయించాడు. అదే సంవత్సరం సోవియట్ మండలంలో నూరు హెక్టార్లకు పైబడిన జమీందారీ ఎస్టేట్లను స్వాధీనం చేసుకుని భూమిలేనివారికి పంచారు. 1953 నవంబరు 25న జర్మన్ ప్రజాతంత్ర రిపబ్లిక్ వేట చట్టం చేసింది. వేట హక్కుకూ భూమి యాజమాన్యానికీ ఉన్న ముడి తెగింది. మృగాలు ప్రజల ఆస్తి అయినాయి. కార్మికుడూ ఉపాధ్యాయుడూ వేట సంఘంలో చేరి, ఉమ్మడి తుపాకి తీసుకుని వేటకు పోగలిగారు. 1525లో మెమ్మింగెన్ రైతులు అడిగినదానికి ఇంత దగ్గరగా వచ్చిన చట్టం ఐరోపాలో అరుదు.

నేను చాలా ఏళ్ళు తరగతిలో ఈ కథను ఇక్కడితో ఆపేవాణ్ణి. 1525లో ప్రశ్న, 1953లో జవాబు. పిల్లలు వ్రాసుకునేవారు, గంట కొట్టేవారు. తక్కిన సగం నాకు తెలియక కాదు.

తక్కిన సగం ఇది. ప్రజల ఆస్తి అయిన అడవుల్లో కొన్ని భాగాలను ప్రత్యేక వేట ప్రాంతాలుగా విడదీశారు. షోర్ఫ్‌హైడె వాటిలో ముఖ్యమైనది. అక్కడికి సంఘ సభ్యుడైన కార్మికుడు తుపాకితో పోలేడు. పార్టీ నాయకులూ వారి అతిథులూ పోగలరు. ఎర్రదుప్పులను అడవి మోయగలిగినదానికి మించి పెంచారు. పెంచడానికి ఉన్న దారి ఒక్కటే: మేత. ఆ మేత ప్రజల ఖజానాది, తొట్లు నింపినవారు ప్రభుత్వ అటవీ కార్మికులు. లేతమొక్కలు, చెట్ల బెరళ్ళు దుప్పుల పాలై అడవి దెబ్బతిన్నది. ఎరిక్ హొనెకర్ అక్కడ వేటాడాడు. అతడు గని కార్మికుడి కొడుకు. ఇళ్ళకు పైకప్పులు వేసే పని నేర్చినవాడు. 1935 డిసెంబరులో నాజీలు పట్టుకుంటే 1945 దాకా చెరలో ఉన్నవాడు. గోరింగ్ షోర్ఫ్‌హైడెలో దుప్పులను కొడుతున్న ఏళ్ళలో చాలా భాగం అతడు జైలులో గడిపాడు. అటువంటి మనిషి అదే అడవికి, అదే మంచె ఎక్కడానికి వెళ్ళాడు. 1989 శరత్తులో వీధికెక్కిన జనం నాయకుల ప్రత్యేక సౌకర్యాల జాబితా చదివినప్పుడు అందులో వేట అడవులూ ఉన్నాయి. ఆ కోపాన్ని పశ్చిమ జర్మనీ ప్రచారం రగిలించింది అనేవారున్నారు. ప్రచారం రగిలించి ఉండవచ్చు. కట్టెలు పేర్చినది ప్రచారం కాదు.

ఇక్కడ నాకు తోచినది చెబుతాను, మిత్రులు విభేదించవచ్చు. 1953 చట్టం జింక ఎవరిదన్న ప్రశ్నకు సరైన జవాబిచ్చింది. తొట్టి తాళం ఎవరి దగ్గర ఉంటుంది, ఎన్ని దుప్పులు ఉండాలో ఎవరు నిర్ణయిస్తారు, ఆ నిర్ణయాన్ని అటవీ కార్మికుడు కాదనగలడా అన్న ప్రశ్నలను అడగనే లేదు. యాజమాన్యం మారితే తక్కినవన్నీ వాటంతటవే మారతాయని మనలో చాలామందిమి నమ్మాం. 1990 సెప్టెంబరులో, ఆ రిపబ్లిక్ అంతరించడానికి మూడు వారాల ముందు, దాని చివరి మంత్రివర్గం షోర్ఫ్‌హైడెను జీవావరణ రక్షిత ప్రాంతంగా ప్రకటించింది. అదే సమావేశంలో మరికొన్ని అడవులకూ తీరాలకూ రక్షణ ఇచ్చారు. పోతూ పోతూ చేసిన మంచిపనిని కూడా లెక్కలో వ్రాయాలి.

ఇప్పుడు మా వాడి ఫోటోకు తిరిగి వెళదాం. టెక్సస్ చట్టం కూడా, వినడానికి వింతగా, ఆ రాష్ట్రంలోని అడవిజంతువులు ప్రజల ఆస్తి అనే అంటుంది. కాని అక్కడి భూమిలో నూటికి తొంభైఅయిదు పాళ్ళు ప్రైవేటుది. జింక ప్రజలది, జింక నిలబడిన నేల భూస్వామిది. ప్రజలు తమ జింకను చూడాలంటే గేటు దగ్గర డబ్బు కట్టాలి. దీన్ని వేట కౌలు అంటారు. ఒక్క సీజనుకు ఒక్క తుపాకికి ఇంత అని ధర. కొన్ని చోట్ల పశువుల మీద వచ్చే ఆదాయం కన్న ఈ కౌలు మీద వచ్చేదే ఎక్కువ.

ఆ జింకలు మాత్రం ఎలా వచ్చాయి? మాంసానికీ తోలుకూ బజారులో అమ్మడం కోసం సాగించిన వేటలో, 1900 నాటికి అమెరికా అంతటా తెల్లతోక జింకలు అయిదు లక్షలకు మించి మిగలలేదని అంచనా. నేడు సుమారు మూడు కోట్లు. మధ్యలో జరిగినదంతా ప్రజాధనంతో జరిగింది. 1900లో లేసీ చట్టం దొంగవేట మాంసం రాష్ట్రాలు దాటకుండా ఆపింది. 1937 చట్టం తుపాకులమీద, తూటాలమీద వేసిన పన్నును మృగాల పునరుద్ధరణకు మళ్ళించింది. ప్రభుత్వోద్యోగులు జింకలను పట్టి, లేనిచోట్లకు తీసుకుపోయి వదిలారు. అన్నిటికన్న విశేషం ఈగ కథ. పచ్చిపుండులో గుడ్లు పెట్టి, పురుగులతో జంతువును తినేసే ఒక ఈగ దక్షిణ టెక్సస్‌లో జింకపిల్లలను బొడ్డు ఆరకముందే చంపేది. ప్రభుత్వ శాస్త్రజ్ఞులు మగ ఈగలను వికిరణంతో సంతానహీనం చేసి కోట్ల సంఖ్యలో వదిలారు. టెక్సస్‌లో ఈ పని 1962లో మొదలైంది. 1966 నాటికి దేశం ఆ ఈగ పీడ వదిలిందని ప్రకటించారు. జింకలు పెరిగాయి. ఈగను చంపింది ప్రజల డబ్బు; గేటు దగ్గర వసూలు భూస్వామిది. పీపాలో పోసిన మొక్కజొన్న ఈ మొత్తం లెక్కలో చిల్లర. కాని ఆ చిల్లరే, ప్రజల జింకను పొరుగువాడి నేలనుంచి తన నేలకు పిలిచి తనది చేస్తుంది. కొందరు పీపాతో తృప్తిపడక, ఎనిమిదడుగుల కంచె కూడా కట్టారు. ఇంగ్లీషు ప్రభువు గొయ్యి తవ్వినచోట ఇతడు వల బిగించాడు.

ఇక్కడ ఒక అభ్యంతరం రావచ్చు, న్యాయమైనదే. మేత వేసేవాళ్ళంతా భూస్వాములా? మిషిగన్‌లో కారు కర్మాగారపు కార్మికుడికి సెలవులు కొద్ది. అక్కడ తుపాకి సీజను నవంబరు 15నుంచి 30 వరకు. నెలల తరబడి అడవి తిరిగి జింక అడుగులు చదివే తీరిక అతడికి లేదు. రోడ్డు పక్క రైతు అమ్మే కారెట్లు, చక్కెరదుంపలు ఒక బస్తా కొని, చిన్న చెక్కలో పోసి కూర్చుంటాడు. ఒక జింక దొరికితే చలికాలమంతా ఇంట్లో మాంసం. అతణ్ణి గోరింగ్ పక్కన నిలబెట్టడం అన్యాయం. ఆ రాష్ట్రంలో 1994లో అడవి జింకల్లో పశువుల క్షయ బయటపడింది. ఒకే కుప్ప దగ్గర మూతులు కలిపి మేయడం వల్ల రోగం అంటుతుందని 1998లో రోగమున్న జిల్లాల్లో ఎరమేత నిషేధించారు. 2019నుంచి దిగువ ద్వీపకల్పమంతటా నిషేధించారు. గోల చేసినవారిలో ఈ కార్మికులూ, ఆ కారెట్లు అమ్ముకునే రైతులూ ఉన్నారు. వారి గోలలో నిజముంది. వందల ఎకరాలున్నవాడు జింకలకిష్టమైన పంటలే వేసుకుని వాటిమీద కాలిస్తే అది వ్యవసాయం. బస్తా కొన్నవాడిది ఎర. 1850 నాటి మూడు వందల మోర్గెన్లు ఇంకా బ్రతికే ఉన్నాయి.

కాని రోగం అబద్ధం కాదు. 1967లో కొలరాడోలో పరిశోధనకు పెంచుతున్న జింకలు చిక్కిశల్యమై చొంగ కార్చుతూ చనిపోవడం మొదట గమనించారు. అది మెదడును స్పంజిలా తొలిచే వ్యాధి అని 1978లో ఎలిజబెత్ విలియమ్స్ గుర్తించింది. దీనికి మందు లేదు. రోగకారకం మట్టిలో ఏళ్ళ తరబడి నిలుస్తుంది. టెక్సస్ అడవి జింకల్లో ఇది 2012లోనూ, కంచెలో పెంచే జింకల్లో 2015లోనూ కనిపించింది. వందల జింకలు ఒకే పీపా కింద, చొంగ పడిన ఒకే మట్టిలో గింజలేరుకోవడం ఈ వ్యాధికి ఎంత అనుకూలమో చెప్పనక్కరలేదు. జింకను తనది చేసుకోవడానికి పెట్టిన మేతే జింకను లేకుండా చేసే దారి తెరిచింది.

ఇందులో కొంత మా వాడికి వ్రాసి, రెండు ప్రశ్నలు అడిగాను. ఆ పీపా ఉన్న నేల ఎవరిది, పీపాలో గింజలు పోసేది ఎవరు అని. నేల హ్యూస్టనులో ఉండే ఒక వైద్యుడిదట. గింజలు పోసేది అక్కడే ఒక రేకుల ఇంట్లో కాపురముండే మెక్సికో దేశపు కూలీ. వారానికొకసారి చిన్న ట్రక్కులో బస్తాలు వేసుకుని వచ్చి, నిచ్చెన ఎక్కి పోస్తాడట. ఆ మనిషి ఎప్పుడైనా ఆ మంచె ఎక్కి ఒక జింకను కొట్టుకున్నాడా అని మళ్ళీ అడిగాను. "తెలియదు బాబాయ్, ఈసారి వెళ్ళినప్పుడు అడుగుతాను" అన్నాడు.